మేష్ట్రు చెప్పని పేర్లు

జీతం లేకుండా పనిచేయడానికి ఒక ఆడపిల్ల ఏడు సముద్రాలు దాటి వచ్చిందని విని, బెంగుళూరులోని కుబ్బన్‌పేట మొత్తం ఆమె మీద జాలిపడింది. 1963 శ్రావణం అది. ఇరుకు సందుల్లో సైకిలు తోసుకుంటూ, ఎండకు ముక్కు కమిలిపోయి, చేతిలో నోటుబుక్కుతో వచ్చే ఆ పిల్లను చూసి తలా ఒక కథ అల్లారు. సవతి తల్లి పోరని ఒకరు, కుదిరిన పెళ్ళి తప్పిందని ఒకరు. మగ్గాల మేష్ట్రు మునినారాయణప్ప భార్య చౌడమ్మ మాత్రం, ఇది తల్లితో గొడవపడి అలిగి వచ్చిన బిడ్డేనని తేల్చేసింది. అలిగినవాళ్ళకు ఆకలి ఎక్కువ కాబట్టి, కనిపించినప్పుడల్లా పిలిచి రెండు ఇడ్లీలు పెట్టేది.

సంగతి అంతకంటే సాదాది. ఆ అమ్మాయి పేరు గ్రేతా. డెన్మార్కులో ఏదో ఓడరేవు ఊరు. వయసు ఇరవై నాలుగు. అక్కడి స్వచ్ఛంద సేవకుల సంఘం ఒకటి, తాము చందాలు పంపే యువజనాభివృద్ధి పథకాలు నిజంగా నడుస్తున్నాయో లేదో చూసి రమ్మని ఆమెను ఆరు నెలలకు మైసూరు రాష్ట్రానికి పంపింది. యువజనాభివృద్ధి అనే మాట అప్పుడప్పుడే దిగుమతి అయింది. ఎక్కడ చూసినా ఒక బోర్డు, బోర్డు కింద ఒక కమిటీ, కమిటీ మెడలో పూలదండలు. ఓపికుండి వెనక గది దాకా వెళ్తే ఎవరో నలుగురు యువజనులు కూడా కనిపించేవారు. గ్రేతా దండలు పక్కన పెట్టి తిన్నగా వెనక గదికే వెళ్ళేది. అందుకే కమిటీలకు ఆమె అంటే హడలు.

కుబ్బన్‌పేట నేత శిక్షణ కేంద్రానికి ఉన్నవే రెండు గదులు. మూడు గుంట మగ్గాలు, పడుగు పోసుకునే ఆసు ఒకటి, గోడకు చౌడేశ్వరమ్మ పటం, వాటి మధ్య మునినారాయణప్ప. యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి, మాట ఇంకా పొట్టి. తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగుళూరు పేటలో స్థిరపడిన తెలుగు నేతవాళ్ళ ఇల్లు. గడప లోపల తెలుగు, గడప దాటితే కన్నడం, కోపం వస్తే రెండూ. నలభై ఏళ్ళు పట్టు చీరలు నేశాక కళ్ళకు పొర కమ్మింది. పట్టు పోగు కంటికి ఆనకపోయినా ఆయన వేళ్ళకు ఆనేది. కానీ అంచు మీది పువ్వును వేళ్ళతో చూసి నేయలేడు కదా. ఇంట్లో మగ్గం విప్పేశాడు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆయన అరుగు మీద కూర్చుని, ఎవరింట్లో పోగు తెగిందో చప్పుడును బట్టి చెబుతూ ఉండేవాడు. ఆ ఏడాది గురించి చౌడమ్మ ఇప్పటికీ మాట్లాడదు.

ఆ డెన్మార్కు చందాలతో కేంద్రం తెరిచిన స్థానిక సంఘం వాళ్ళు వచ్చి పేటలోని పడుచువాళ్ళకు పని నేర్పమని అడిగినప్పుడు, ఆయన చొక్కా కూడా తొడుక్కోకుండా వాళ్ళ వెంట నడిచాడు. మూడేళ్ళు గడిచాయి. కేంద్రం గడువు ఆ డిసెంబరుతో ముగుస్తుంది. పొడిగించాలా, మూసేయాలా అన్నది గ్రేతా రాసే రిపోర్టును బట్టి ఉంటుంది. మూసేస్తే మళ్ళీ అరుగే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, వీధికీ తెలుసు.

గ్రేతాకు తెలుగు రాదు, కన్నడం రాదు. ఆమెకు నోరుగా రూతు అనే టీచరమ్మ వచ్చేది. ఒంగోలు వైపు నుంచి వచ్చి మిషన్ బడిలో లెక్కలు చెప్పే మనిషి. లెక్కల మనిషి కాబట్టి మొదట హాజరు పట్టీ తెరిచింది. మూడేళ్ళలో చేరినవాళ్ళు నలభై ఒక్కరు. అందులో ముప్పై నాలుగు పేర్ల మీద అడ్డంగా ఎర్ర గీత. మిగిలినవి ఏడు.

"ఈ ముప్పై నాలుగు మంది ఏమయ్యారు మాస్టారూ?"

"పోయినారు."

"ఎక్కడికండీ?"

"వాళ్ళ పనికి వాళ్ళు."

"పని నేర్చుకున్నాక పోయారా, నేర్చుకోకముందే పోయారా?"

మునినారాయణప్ప నాడెలో దారం కండె మార్చి, పోగు లాగి చూసుకుని, తీరిగ్గా జవాబిచ్చాడు. "అది వాళ్ళనే అడగల్లమ్మా."

"వాళ్ళెవరో, ఎక్కడున్నారో మీరు చెప్తే కదండీ అడిగేది."

"నేను చెప్పేది కాదు."

సంఘం కార్యదర్శి లక్ష్మీనారాయణ అక్కడే నిలబడి ఉన్నాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. నేత గురించి ఏమీ తెలియదు గానీ గీతలు పడిన పేర్లు మంచి సూచన కావని మాత్రం తెలుసు. ఆయన కన్నడంలో బతిమాలాడు, తెలుగులో బతిమాలాడు, చివరికి ఇంగ్లీషులో క్షమాపణ చెప్పాడు. గ్రేతా తన ఫారంలో రాసుకుంది: చేరినవారు నలభై ఒకటి, మధ్యలో వదిలినవారు ముప్పై నాలుగు, మిగిలినవారు ఏడు. రాసి, తలెత్తి ఆ ముసలాయన్ని కాసేపు చూసింది. ఏదో పొసగడం లేదని ఆమెకు అనిపించింది.

పొసగనిది ఇది. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగు పోగులను బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెట్టి ఒక్కొక్కటిగా అతుకుతారు. పట్టు చీరకు నాలుగు వేల పైచిలుకు పోగులు. మేష్ట్రును ఒక్కసారీ పిలవకుండా, ఒక్క పోగూ తప్పకుండా పడుగంతా ఒంటరిగా అతికినవాడికి పని వచ్చినట్టు. ఆ రోజే మునినారాయణప్ప ఎర్ర పెన్సిలు తీసి వాడి పేరు కొట్టేస్తాడు. ఆయన చేతిలో ఆ గీతకు మించిన పట్టా లేదు. గీత పడనివాళ్ళంటే ఇంకా చేతికి పోగు అలవడనివాళ్ళు.

ఆ మాటే చెప్పేస్తే సరిపోయేది. కానీ ఫలానావాడు నా దగ్గర నేర్చాడు అనడం ఆయన ఇంటి మర్యాదలో లేదు. సొంత మగ్గం గుంటలో కాళ్ళు పెట్టినవాడు తన పేరు మీద తను బతకాలి. వాడి చీరను నలుగురు మెచ్చుకునే చోట నేర్పినవాడి పేరు వినబడితే, ఆ మెప్పులో సగం లాక్కున్నట్టు. శిష్యుడు చెప్పుకుంటే చెప్పుకోవచ్చు, మేష్ట్రు నోట మాత్రం రాకూడదు. మునినారాయణప్ప నాయన నలభై మందికి పని నేర్పి ఒక్కరి పేరూ చెప్పకుండా పోయాడు. పాడె లేచిన రోజు వీధి పట్టనంత మంది వస్తే, వీళ్ళంతా ఎవరని ఇంట్లోవాళ్ళే తెల్లబోయారు. దీన్ని వినయం అనుకుంటే పొరపాటు. ఇందులో గర్వం పాలు బాగానే ఉంది. ఏమైతేనేం, ఆ నోరు తెరుచుకోదు.

మరునాడు పొద్దున సంగటి ముద్ద కంచంలో పెడుతూ చౌడమ్మ మొదలుపెట్టింది.

"నీ నోటికి మీ నాయన తాళం ఏసిపోయినాడు, సరే. నా నోటికి ఎవరేసినారు?"

"పెండ్లాం నోరు, మొగుడి నోరు రెండా?"

"ముప్పై ఐదేండ్లుగా రెండుగానే ఉండాయి కదా. నేను చెప్పింది నువ్వెప్పుడు ఇన్నావు?"

ఆయన ముద్ద మీద బస్సారు పులుసు పోసుకుని తినేశాడు. జవాబు లేదంటే ఒప్పుకున్నట్టు కాదు, ఆ ఇంట్లో వాదన ముగిసినట్టు. చౌడమ్మ దాన్ని ఒప్పుకోలుగానే తీసుకుంది.

ఆ మధ్యాహ్నం మగ్గం దగ్గర కూర్చున్న మునినారాయణప్పకు గుమ్మంలోంచి ఒక ఊరేగింపు కనిపించింది. ముందు చౌడమ్మ, వెనక గొడుగుతో రూతు, ఆ వెనక సైకిలుతో గ్రేతా. అరగంటకు ఆ ముగ్గురే ఎదురు దిక్కు నుంచి మళ్ళీ దాటారు. మూడోసారి దాటినప్పుడు చౌడమ్మ కావాలనే గుమ్మం వైపు చూడలేదు. ఆమె ఎవరి గురించీ ఒక్క ముక్క చెప్పలేదట. ఇల్లిల్లూ తిప్పి, మగ్గం మీద ఉన్నవాణ్ణి లేపి, నీకు పని నేర్పింది ఎవరప్పా అని అడిగి, జవాబు వాడి నోటితోనే చెప్పించిందట. రెండు రోజుల్లో పంతొమ్మిది మంది దొరికారు. తక్కినవాళ్ళు దొడ్డబళ్ళాపురంలోనో, దేవనహళ్ళిలోనో, కంచిలోనో నేస్తున్నారు. ఒక్కడూ ఖాళీగా లేడు. ఆ సాయంత్రం మునినారాయణప్ప భార్యకు వీపు తిప్పి కూర్చున్నాడు. సంగటి మాత్రం ఇంకో ముద్ద పెట్టించుకున్నాడు.

గ్రేతా తన ఫారంలో ముప్పై నాలుగు కొట్టేసింది. అయితే ఆమె పైన కూడా ఒక కమిటీ ఉంది. దాని నిబంధన ప్రకారం, శిక్షణ పూర్తయిందని నేర్చుకున్నవాడు చెబితే చాలదు, నేర్పినవాడు సంతకం చేయాలి. ఏ దేశపు కమిటీ అయినా కమిటీయే. పంతొమ్మిది పేర్లు ఒక కాగితం మీద టైపు చేసి, కింద ఆయన సంతకానికి ఖాళీ ఉంచి, ఆమె ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకుని, అంతే మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు.

అప్పుడు ఆమె బలవంతపెట్టలేదు. చెప్పులు విడిచి గుంట పక్కన కూర్చుని, అతకడం చూపించమని సైగ చేసింది. ఆయన చూపించాడు. ఆమె వేళ్ళకు బూడిద అద్దుకుని ప్రయత్నించింది. పోగు జారింది, తెగింది, ముడి పడింది. ఆరుగురు కుర్రవాళ్ళు నవ్వాపుకోలేక ఆసు వెనక్కి వెళ్ళారు. గంట గడిచేసరికి పదకొండు పోగులు నిలిచాయి. ఆయన వాటి మీద బొటనవేలు ఒక్కసారి నడిపి తల ఊపాడు. ఆ తర్వాతే ఆమె నోరు విప్పింది. రూతు దాన్ని తెలుగులో పెట్టింది.

"సంతకం లేకపోతే ఈ కాగితం చెత్తబుట్టలో పడుతుందంటోంది మాస్టారూ. మీరు కాదన్నారని రాస్తే కాగితంతో పాటు కేంద్రం కూడా పోతుందట. శనివారం రైలుకు వెళ్ళిపోతుంది. శుక్రవారం దాకా ఆగుతానంటోంది."

"కాదన్నాననే రాయమ్మా. అది నిజమే కదా."

"మళ్ళీ అరుగు మీద కూర్చోవాల్సి వస్తుంది. మీకు తెలియదా?"

అరుగు మాట చౌడమ్మ చెప్పి ఉంటుంది. మునినారాయణప్ప చేతిలోని పోగును వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. "తెలుసు. నేను సంతకం చేస్తే వాండ్లు నేసే ప్రతి చీర కిందా నా పేరుంటాది. అట్ల బతికేదానికి వాండ్లకు సిగ్గు, నాకు సిగ్గు."

రూతు ఈ మాటను ఇంగ్లీషులో చెప్పడానికి చాలాసేపు తీసుకుంది. గ్రేతా ముక్కు చీదుకుని, సైకిలు తీసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున పన్నెండు మంది వచ్చారు. ఎవరు చెప్పారో ఎవరూ చెప్పలేదు. పంతొమ్మిదిలో పన్నెండు తక్కువేమీ కాదు, మిగతావాళ్ళకు ఆ రోజు చీర కోసి ఇవ్వాల్సిన గడువులున్నాయి. సొంత మగ్గాలున్న పడుచువాళ్ళు, ఇద్దరికి పెళ్ళిళ్ళు కూడా అయ్యాయి. అందరూ బడిపిల్లల్లా గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఒకరి తర్వాత ఒకరు కాగితం మీద తమ పేరు ఎదురుగా సంతకం చేశారు. మునినారాయణప్ప వాళ్ళ వైపు చూడలేదు. తప్పిపోయిన పోగు కోసం వెతుకుతున్నట్టు మగ్గం మీదికి వంగి ఉన్నాడు. ఆ మగ్గం మీద అప్పుడు పడుగే లేదు.

గ్రేతా కాగితం అడుగున ఉన్న ఖాళీని చూసింది, ఆయన్ని చూసింది, పెన్ను మూత పెట్టేసింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఖాకీ చొక్కా కనిపించింది. సిటీ బస్సు కండక్టరు, చంకలో టిక్కెట్ల పెట్టె, ముఖం నిండా చెమట. పేరు అంజినప్ప. మూడేళ్ళ క్రితం కేంద్రంలో చేరి, నాలుగు నెలలకే బస్సెక్కేసినవాడు. పొద్దున మొదటి ట్రిప్పులో ఇద్దరు నేతవాళ్ళు మాట్లాడుకుంటుంటే విని, డ్యూటీ మారగానే పరుగెత్తుకొచ్చాడు. గోడ దగ్గరివాళ్ళలో ఒకడు నవ్వాడు.

"నువ్వెందుకొచ్చినావప్పా? పోగు అతికేదానికి కూడా రాదు కదా నీకు."

"నేర్పింది ఆయనే కదా," అన్నాడు అంజినప్ప. "నేర్చుకోనిది నేను."

రూతు పక్కనే ఉన్న హాజరు పట్టీ తీసి వెతికింది. అంజినప్ప పేరు మీద ఎర్ర గీత లేదు. మిగిలిన ఏడింటిలో ఏడోది ఆ పేరే. ఆ పేరు ఎదురుగా, ఆదివారాలు, పండగలు పోను, రెండున్నరేళ్ళపాటు ప్రతి రోజూ రాలేదని ఒక సున్న. పట్టీ నిండా సున్నలు. ఇన్నాళ్ళూ ఆయన పొద్దున్నే ఆ పేరు పిలిచి, కాస్త ఆగి, సున్న చుట్టి, అప్పుడు పని మొదలుపెట్టేవాడని ఆరుగురు కుర్రవాళ్ళూ సాక్ష్యం చెప్పారు. పేరు కొట్టేయలేదేమని గ్రేతా అడిగించింది.

"వాడు నేర్చుకోలేదు కదమ్మా. ఎట్ల కొట్టేస్తాను?" మునినారాయణప్ప మొదటిసారి తలెత్తి కండక్టరు వైపు చూశాడు. అంజినప్ప టిక్కెట్ల పెట్టె చేతులు మార్చుకున్నాడు. "వీడి పేరు నేను చెప్పొచ్చు. వీడు ఇంకా నా కాడ నేర్చుకుంటా ఉండాడు. ఇట్లియ్యి ఆ కాగితం."

కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుని, పంతొమ్మిది పేర్ల కింద, వణుకు లేని గుండ్రటి తెలుగులో అంజినప్ప అని రాశాడు. నేర్చుకుంటా ఉండాడు అని దాని పక్కన రాశాడు. దాని కింద, సరిగ్గా కాగితం అడుగున, మునినారాయణప్ప అని సంతకం చేశాడు. చేసి, గ్రేతా వైపు గడ్డంతో చూపిస్తూ రూతుతో అన్నాడు: "ఆమె పేరు కూడా రాయమంటే రాస్తాను. పదకొండు పోగులు. ఆమె కూడా నా శిష్యురాలే."

రూతు ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. గ్రేతా నోటుబుక్కు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇది తల్లి మీద బెంగేనని చౌడమ్మ అందరికీ చెప్పి, ఆమెను ఇడ్లీలకు లాక్కెళ్ళింది.

గ్రేతా అబద్ధం రాయలేదు. ఆ సంతకం ఒక్క అంజినప్పకే చెందుతుందని, ఎందుకో నాలుగో పేజీలో వివరించానని రిపోర్టులో రాసింది. నాలుగో పేజీ దాకా చదివే కమిటీని ఎవరూ చూసి ఉండరు. వాళ్ళకు పేర్లున్నాయి, పేర్ల కింద మేష్ట్రు సంతకం ఉంది. జనవరిలో రెండేళ్ళ పొడిగింపు వచ్చింది. మునినారాయణప్పకు ఇది ముందే తెలుసా అని చౌడమ్మ చాలాసార్లు కూపీ లాగింది. ఆ సంతకం అంజినప్ప కోసమే అని తప్ప ఆయన ఇంకేమీ అనలేదు.

అయితే అసలు చిక్కు అంజినప్పకు వచ్చింది. ఆ శుక్రవారం పేరు రాసిన సిరా ఆరకముందే మేష్ట్రు వాడి భుజం పట్టుకున్నాడు.

"నీకు వారం సెలవు ఎప్పుడు?"

"సోమారం."

"సోమారం వచ్చి గుంటలో కాళ్ళు పెట్టకపోతే నా సంతకం అబద్ధమైపోతాది. చూసుకో."

అంజినప్ప వచ్చాడు. రోజంతా బస్సు కమ్మీలు పట్టుకుని కాయలు కాచిన వేళ్ళు పట్టును ముట్టుకుంటే చాలు, పోగు తెగేది. రెండేళ్ళ గడువు కూడా ముగిసి, పథకాలన్నీ ఎలా ముగుస్తాయో అలా ఆ కేంద్రమూ ముగిసింది. కార్యదర్శి లక్ష్మీనారాయణ ఎవరికి ఏం చెప్పాడో గానీ, ఒక మగ్గం ఎడ్లబండి మీద మునినారాయణప్ప ఇంటికి చేరింది. అరుగు మీద రేకులు వేసి, గుంట తవ్వి దాన్ని దించారు. వీధిలో ఎవరింట్లో పోగు తెగిందో వినడానికి ఆయనకు ఇక తీరిక లేదు. సోమవారాలు అంజినప్పవి, మిగతా రోజులు అప్పుడప్పుడూ వచ్చి చేరే ఒకరిద్దరివి.

1967 వైశాఖంలో ఒక సోమవారం, పొద్దున కూర్చున్న అంజినప్ప సాయంత్రం దీపాలు పెట్టేదాకా లేవలేదు. మేష్ట్రును పిలవలేదు. నాలుగు వేల పోగులు అతికి, పోగులను వరసలో పట్టే అచ్చు దాటించి, మగ్గం ఒకసారి తొక్కి చూశాడు. ఒక్కటీ జారలేదు. మునినారాయణప్ప పడుగు మీద బొటనవేలు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపాడు. లోపలికి వెళ్ళి, చౌడమ్మను బెల్లం ముక్క తెమ్మన్నాడు.

ఆ తర్వాత పది రోజులకు మేష్ట్రు, చౌడమ్మ మల్లేశ్వరం పోదామని మార్కెట్టు దగ్గర బస్సెక్కారు. మెట్టు కనబడక తడుముకుంటున్న ముసలాయన్ని కండక్టరు చెయ్యి పట్టి ఎక్కించి, కిటికీ పక్కన సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టాడు. ముందు సీట్లో ఉన్న పేట మనిషి సావిత్రమ్మ వెనక్కి తిరిగింది. అంత గౌరవంగా చూసుకుంటున్నాడే, ఎవరు మేష్ట్రూ ఆ కండక్టరు, మీ శిష్యుడా అని అడిగింది.

మునినారాయణప్ప కిటికీలోంచి బయటికి చూశాడు. అవతల ఏమీ సరిగా కనబడి ఉండదు.

"ఎవరోనమ్మా. నాకు తెలీదు."

రెండు సీట్ల అవతల టిక్కెట్టు చింపుతున్న అంజినప్పకు ఆ మాట వినబడింది. వాడు గబుక్కున ముఖం అటు తిప్పుకుని, స్టాపు రాకముందే విజిలు ఊదేశాడు. నడిరోడ్డు మీద బస్సు ఆగిపోయింది. ఏమయ్యిందప్పా అని డ్రైవరు ముందు నుంచి కేకలేస్తున్నా, వాడు చాలాసేపు వెనక్కి తిరగలేదు.